మడత లేని కత్తి

తాండూరు,
జూలై మొదటి వారం.

చెల్లెలు రహీమాకు,

అస్సలాము అలైకుం. ఉత్తరం చూసి కంగారు పడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేను, దుకాణంలో రెండు కుర్చీలు, అద్దం వెనక బల్లి. ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు చెప్పేది నాకు సగమే వినపడుతుంది. ఆ మిగతా సగం కోసం నువ్వు అరిస్తే వికారాబాద్‌లో మీ వాడకట్టంతా వింటుంది. మొన్న "సానియాకు ఏడో నెల వడ్డది" అని నువ్వు అరిచిన అరుపుకు ఇక్కడ నురగ మొహంతో కూర్చున్న గిరాకి నాకు ముబారక్ చెప్పాడు. అందుకే ఇక నుంచి ఉత్తరాలు. మనిద్దరం చదివింది తెలుగు బడిలోనే కాబట్టి రాయడానికి ఇబ్బంది లేదు. మొగులప్ప రోజూ ప్యాసింజర్ బండిలో మీ ఊళ్లో విత్తనాల దుకాణానికి పనికి వస్తాడు కదా, వాడి చేతికి ఇస్తాను. ముప్పై ఏళ్లుగా నా దగ్గరే గడ్డం గీయించుకుంటున్నాడు, ఈ మాత్రం పని చెప్పే హక్కు నాకుంది.

నీ కూతురు సానియా కడుపు ఈసారైనా నిలవాలని నేను చేయని దువా లేదు. రెండుసార్లు పోయింది, ఇప్పుడు పండబోతున్నది. పుట్టిన ఏడో రోజు అఖీఖా. వాడి పుట్టు వెంట్రుకలు తీసేది నేనే. మంగలి పని చేసే మన హజ్జాం ఇళ్లలో పసివాళ్ల తలకు ఇంటి పెద్ద తన చేత్తో నూరిన కత్తే ఆనాలి. నీ తల అబ్బా తీశాడు. సానియా తల, నీ కొడుకు హారిస్ తల నేను తీశాను. ముగ్గురిలో ఒక్కరి నెత్తి మీదైనా గాటు ఉందేమో తడిమి చూసుకోండి.

చిక్కు ఏమిటంటే అబ్బా వాడిన ఉస్తరా, ఆ మడత కత్తి, అంచు పట్టడం మానేసింది. సానరాయి మీద నూరుతున్నాను, తోలుపట్టా మీద లాగుతున్నాను, బొటనవేలు పెట్టి చూస్తే చెంచాను తడిమినట్టుంది. మామూలు గిరాకులకైతే సగం బ్లేడు విరిచి పెట్టేదే, అది కంపెనీ పదును, అందులో నా గొప్ప ఏమీ లేదు. కాని సానియా బిడ్డకు కంపెనీ బ్లేడు పెడతానా? హారిస్‌కు చెప్పాను. వాడు హైదరాబాద్‌లో ఫోన్‌లోనే వెతికి జపాన్ వాళ్ల కత్తి ఒకటి తెప్పిస్తున్నాడు. అక్కడి ముసలి మంగళ్లు వాడేదట. చూద్దాం, జపాన్ వాడికి పదునంటే ఏమిటో తెలుసో లేదో.

నీ అన్న,
అజమత్

*

వికారాబాద్,
జూలై చివర.

భాయ్‌జాన్‌కు,

సలాం. నీ బల్లి కూడా క్షేమమని తలుస్తాను.

సానియా మా ఇంటికి వచ్చేసింది. మెట్టు దిగాలంటే గోడ పట్టుకుంటున్నది, తుమ్ము వస్తే నా వైపు చూస్తున్నది. రాత్రి బిడ్డ కదలకపోతే నన్ను లేపి కూర్చోబెడుతున్నది. రెండుసార్లు దెబ్బ తిన్న పిల్ల, నేనేం అనగలను.

అల్లుడు షెహబాజ్ మొన్న శుక్రవారం వచ్చి అఖీఖా మాట ఎత్తాడు. "గిప్పుడు ఉస్తరాలు ఎవరు వెడుతున్నరమ్మీ, మిషిన్ వెడితే అయిపాయె గదా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "మా భాయ్ చెయ్యి నీ మిషిన్ కన్న మెత్తగుంటది, నువ్వు జర నోరు మూసుకొని సూడు" అన్నాను. అతనికి నచ్చలేదు. కాబట్టి నా పరువు నీ చేతిలో ఉంది, అది గుర్తుంచుకో.

మొగులప్ప చెవి కింద పట్టీ వేసుకుని వచ్చాడు. ఏమైందంటే "ఏం లేదక్కా, తలుపు తాకింది" అన్నాడు. చెవి తమ్మె దగ్గర తలుపు ఎలా తాకుతుందో నాకు అర్థం కాలేదు. టీ ఇస్తే గబగబా తాగి వెళ్లిపోయాడు. మనిషికి ఇంట్లో ఏమైనా గొడవలా? నువ్వు అడుగు.

షుగరు మాత్రలు వేసుకుంటున్నావా? రాయి.

రహీమా

*

తాండూరు,
ఆగస్టు.

రహీమాకు,

కత్తి వచ్చింది! పెట్టె విప్పేటప్పుడు చేతులు కడుక్కుని బిస్మిల్లా అన్నాను. నవ్వకు.

నువ్వు చూసిన ఉస్తరాల లాంటిది కాదు. పిడి, కోసే అలుగు ఒకటే ఇనుము. పిడికి సన్నటి బెత్తపు నార చుట్టారు. మన ఉస్తరా పని అయిపోగానే మడిచి జేబులో వేసుకుంటాం కదా, దీనికి మడతే లేదు. ఎప్పుడూ తెరిచే ఉంటుంది. బల్ల మీద పెట్టినా, సంచిలో పెట్టినా అది మనవైపే చూస్తున్నట్టుంటుంది. మొదటి రోజు నాకే కొంచెం జంకు వేసింది. రెండు వైపులూ ఒకేలా లేవు, ఒక వైపు కాస్త బోలుగా ఉంది, రెండో వైపు చదును. జపాన్ అక్షరాలు చెక్కి ఉన్నాయి. మొగులప్ప వాటిని చూసి "గివ్వేందన్నా, దయ్యాలకు రాసిన పత్రం లెక్క ఉన్నది" అన్నాడు.

దీని కోసం కొత్త తోలుపట్టా కూడా కొన్నాను. పట్టా చివర కిటికీ కమ్మీకి తగిలించి, ఎడమచేత్తో బిర్రుగా పట్టుకుని లాగుతున్నాను. కత్తి వెన్ను ముందు పోవాలి, అంచు వెనక రావాలి. చివరకు వచ్చాక వెన్ను మీద దొర్లించి తిప్పాలి. అంచు మీద తిప్పావంటే పట్టాయే కోసుకుపోతుంది. అబ్బా నన్ను ఎండాకాలం సెలవులంతా ఉత్త చెక్కముక్కతో ఇది చేయించాడు, గుర్తుందా? ఆ చప్పుడు మారలేదు రహీమా. దుకాణం మూసే ముందు ఆ చప్పుడు వింటూ ఉంటే అబ్బా వెనకే నిలబడ్డట్టుంటుంది. నా చెవులకు అదొక్కటే సరిగ్గా వినపడుతున్నది.

కాని పదును రాలేదు. వారం నుంచి లాగుతున్నాను. బొటనవేలు అడ్డంగా ఆనిస్తే మంచి కత్తి చర్మాన్ని పట్టుకుంటుంది, గుచ్చినట్టు చెబుతుంది. ఇది ఏమీ చెప్పడం లేదు. అబ్బా ఉస్తరా కూడా ఇలాగే మూగబోయింది. ఈ మధ్య ఇనుములోనే ఏదో కల్తీ ఉంది. అయినా వదలను.

మొగులప్ప ఇంట్లో గొడవలేమీ లేవు. అయితే వాడు గడ్డం పెంచుతున్నాడు. మొక్కు అంటున్నాడు. ఏ దేవుడికో చెప్పడు. రోజూ వచ్చి కుర్చీలో కాక బెంచీ మీద కూర్చుని పేపరు చదివి పోతున్నాడు. ముప్పై ఏళ్లలో వాడి బుగ్గ మీద ఇంత వెంట్రుక నేను చూడలేదు.

మాత్రలు వేసుకుంటున్నాను.

అజమత్

*

వికారాబాద్,
ఆగస్టు చివర.

భాయ్‌జాన్‌కు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కత్తి గురించి రాసిన ముక్క ఇంకోసారి చదివాను. నాకు బాగా అనిపించలేదు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ రంజాన్‌కు నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు నీ ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలు ఉత్తది. "చెప్పేది భాయ్?" అని అడిగితే నువ్వు కాలు వైపు చూసుకుని నీకే వింతైనట్టు నిలబడ్డావు. బస్టాండులో ఎక్కడో జారిపోతే అంత ఎండలో, ఆ కాలే రోడ్డు మీద నడిచి వచ్చావు. మేమంతా నవ్వాం. నువ్వూ నవ్వావు. ఇప్పుడు తలచుకుంటే నాకు నవ్వు రావడం లేదు. అరికాలు బొబ్బలెక్కింది కూడా, గుర్తుందా? నొప్పి లేదన్నావు.

కత్తి పదునును వేలితో చూడకు. ఒక్కసారి ముంజేతి వెంట్రుక మీద పెట్టి చూడు. లేదంటే వేలాడే పేపరు ముక్క మీద పెట్టు. తెగుతుందో లేదో కంటితో చూసి నాకు రాయి. ఇంతే అడుగుతున్నాను.

మొగులప్పను పట్టుకుని అడిగాను. తలుపు కథే మళ్లీ చెప్పాడు. నేను వదలలేదు. చివరకు "అక్కా, గా ముచ్చట నన్నడుగకు. అన్న మనసు నేను ఇరువలేను. గడ్డం పెంచుకుంటే ఎవలకు నష్టం?" అని చెప్పులు వేసుకున్నాడు. భాయ్, ఆ చెవి కింద గాయం చేసింది నువ్వేనా?

సానియాకు ఇవేమీ చెప్పలేదు. ఆమె నీ కోసం పాత పట్టుచీరతో చిన్న దిండు కుడుతున్నది, బిడ్డ తల పెట్టి పని చేసుకోవడానికి.

రహీమా

*

తాండూరు,
సెప్టెంబరు.

రహీమాకు,

హజ్జాం కూతురివై ఉండి నాకు పేపరు ముక్క చూపిస్తున్నావా? అబ్బా ఎన్నడైనా పేపరు మీద చూశాడా? వేలు చెప్పింది మంగలికి తెలియకపోతే వాడు ఆ కుర్చీ వెనక నిలబడకూడదు. ఇది నువ్వు అన్న మాట కాదు, షెహబాజ్ నీ నోట్లో పెట్టిన మాట అని నాకు తెలుసు.

మొగులప్ప చెవి సంగతి. అవును, కొంచెం తగిలింది. వాడు తల కదిలించాడు. పైగా పదును చూద్దామని వాడికి పెట్టిన అబ్బా ఉస్తరా మొద్దుబారింది కాబట్టి కొంచెం నొక్కాల్సి వచ్చింది. మొద్దు కత్తే కోస్తుంది, పదును కత్తి కోయదు, అది ఈ పని తెలిసిన వాళ్లందరికీ తెలుసు. అందుకే కదా జపాన్‌ది తెప్పించింది! ఇంత పెద్ద సంగతి చేయడానికి ఏముంది?

చెప్పు అంటావా, వయసు మీద పడితే చెప్పులు జారుతాయి. నీకూ జారుతాయి చూడు.

నేను ఊరికే కూర్చోలేదు. మార్కెట్ నుంచి లేత సొరకాయలు తెచ్చి, వాటికి నురగ పూసి, పసివాడి తల అనుకుని గీస్తున్నాను. ఒడిలో పెట్టుకుని, ఎడమచేత్తో పట్టుకుని. మొదటి రోజు మూడు కాయలకు గాట్లు పడ్డాయి. ఈ కాలం సొరకాయల తొక్క మరీ పలుచన. మందు కొట్టి పెంచుతున్నారు కదా. నిన్న ఒకటి దాదాపు బాగానే వచ్చింది. కత్తి ఇంకా సరిగ్గా పట్టడం లేదు కాబట్టి కాస్త బరువు వేయాలి, ఎంత వేయాలో చేతికి అలవాటవుతున్నది. బెత్తపు పిడి ఎందుకో ఎర్రబడింది, రంగు దిగుతున్నట్టుంది. జపాన్ సరుకు కూడా ఇంతే.

నీ ఇద్దరు పిల్లల తలలు తీసిన చెయ్యి ఇది. మూడోది కూడా తీస్తుంది. నువ్వు సానియాను చూసుకో.

అజమత్

*

వికారాబాద్,
అక్టోబరు.

భాయ్‌జాన్‌కు,

ముబారక్! నిన్న పొద్దున సానియాకు బాబు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. అజాన్ షెహబాజే చెవిలో చెప్పాడు, చెబుతూ ఏడ్చాడు. నర్సులకూ డాక్టర్లకూ అందరికీ మిఠాయి పంచాం. బాబు తల నిండా నల్లటి జుట్టు, నుదుటి దాకా వచ్చింది. నడినెత్తి మీద మెత్తటి చోటు ఊపిరితో పాటే ఎగిరి పడుతున్నది, చూస్తూ కూర్చున్నాను.

ఒక చిన్న మార్పు. షెహబాజ్ తరఫు వాళ్లు గుల్బర్గా నుంచి రావాలట, ఏడో రోజుకు అందుకోలేరట. అందుకని అఖీఖా పద్నాలుగో రోజుకు పెట్టుకున్నాం. పద్నాలుగో రోజు కూడా చేస్తారు కదా, తప్పు లేదు. నువ్వు తొందరపడి రావద్దు. ఆరోగ్యం చూసుకుని నిదానంగా ఆ రోజుకే రా. నీ కోసం మేక కాళ్ల పాయా చేయిస్తాను.

సానియా మామూకు సలాం చెప్పమన్నది.

నీ చెల్లెలు,
రహీమా

*

తాండూరు,
అక్టోబరు.

రహీమాకు,

అల్లా మేలు చేశాడు. మొగులప్ప మీ కబురు చెప్పగానే దుకాణంలో ఉన్న వాళ్లందరికీ ఊరికే గడ్డాలు గీస్తానన్నాను. ఒక్కడూ ఆగలేదు, అందరికీ ఏవో పనులు.

కాని పద్నాలుగో రోజేమిటి? మన ఇంట్లో ఏడో రోజు తప్ప ఎన్నడైనా జరిగిందా? నీ అత్తింటి వాళ్లకు జ్వరాలు వచ్చి అందరూ మంచాల మీద ఉన్నప్పుడు కూడా నేను వానలో తడుస్తూ వచ్చి హారిస్ తల ఏడో రోజే తీశాను. నువ్వు అల్లుడి మాటకు తల వంచుతున్నావు. నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతాను. నేను ఏడో రోజే వస్తున్నాను, ఎవరు వచ్చినా రాకపోయినా. గుల్బర్గా వాళ్లు తర్వాత వచ్చి బిర్యానీ తింటారు. బాబు తల వాళ్ల కోసం ఎదురు చూడాలా?

నిన్న మొత్తం కత్తి లాగాను. పట్టాకు రెండు గాట్లు పడ్డాయి, పరవాలేదు. వేలికి ఇంకా తెలియడం లేదు, అయినా చెయ్యి బరువుతో సర్దుకుంటాను. గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. రేపు పొద్దున బండికి బయలుదేరుతాను.

అజమత్

*

వికారాబాద్,
అఖీఖా మరునాడు.

భాయ్,

నీ ఉత్తరం ఈ పొద్దున నా చేతికి వచ్చింది. మొగులప్ప నిన్న సెలవు పెట్టాడట.

ఎక్కడున్నావు? ఫోన్ మోగుతున్నది, ఎత్తడం లేదు. నిన్న నువ్వు మా ఇంటికి రాలేదు. కాని మా గేటు పక్క అరుగు మీద తాండూరు దుకాణం మిఠాయి డబ్బా ఉంది. డబ్బా మూత మీద రక్తం. గేటు కమ్మీ మీద, కింద నాపరాతి మీద, సందు మలుపు దాకా చుక్కలు చుక్కలుగా రక్తం. ఎదురింటి కస్తూరమ్మను అడిగితే "నాకేం ఎరుక లేదమ్మా" అని తలుపు వేసుకుంది. ఆమె ఎన్నడూ నా మొహం మీద తలుపు వేసిన మనిషి కాదు.

నేను అబద్ధం రాశాను. గుల్బర్గా వాళ్లు ఎవరూ లేరు. ఏడో రోజునే అఖీఖా చేశాం, నిన్ననే. బజారు నుంచి పిలిపించిన వాడు సగం బ్లేడుతో బాబు తల తీశాడు. షెహబాజ్ కాదు, నేనే పిలిపించాను. నీ సొరకాయల ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు భాయ్. కళ్లు మూస్తే నీ ఒళ్లో బాబు తల, దాని మీద నువ్వు బరువు వేస్తున్న కత్తి. నీతో ఈ మాట ఎదురుగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. సానియా ఏడ్చింది, మామూ లేకుండా వద్దన్నది. నేనే ఆమె నోరు మూయించాను.

నువ్వు గుమ్మం దాకా వచ్చి చూశావా? చూసి ఏం చేసుకున్నావు? ఆ కత్తి నీ దగ్గరే ఉంది కదా. నన్ను తిట్టు, కొట్టు, మా గడప తొక్కనని చెప్పు, కాని ఏమీ చేసుకోకు. సానియాకు జ్వరం, ఆమెను వదిలి నేను రాలేను. హారిస్ హైదరాబాద్ నుంచి బయలుదేరాడు. అంతకంటే ముందు మొగులప్ప తన పని వదిలేసి ఈ మధ్యాహ్నం బండికే వస్తున్నాడు. ఉత్తరం వాడి చేతిలో పెడుతున్నాను. ఒక్క ముక్క రాసి పంపు. బతికున్నానని రాయి చాలు.

రహీమా

*

తాండూరు,
అదే రోజు సాయంత్రం.

రహీమాకు,

బతికే ఉన్నాను. ఇది మొగులప్ప చేతిరాత, మాటలు నావి. నా కుడిచేతికి కట్టు ఉంది. హారిస్ పక్కనే కూర్చుని ఫోన్ నీకు కలుపుతానంటున్నాడు, నేనే వద్దన్నాను. నువ్వు అరిచినా ఇవాళ నాకు వినబుద్ధి కాదు.

అవును, వచ్చాను. మీ గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల బాబు ఏడుపు వినపడింది. ఈ చెవులకు కూడా వినపడింది. కిటికీలోంచి చూశాను. ఎవడో కుర్రాడు సగం బ్లేడు పట్టుకుని, సానియా కుట్టిన దిండు మీద బాబు తల పెట్టి గీస్తున్నాడు. నువ్వు పళ్లెం పట్టుకుని నిలబడ్డావు. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. లోపలికి వచ్చి వాణ్ణి లేపి, వాడి చోట కూర్చుందామనే అనుకున్నాను. సంచిలో చెయ్యి పెట్టి కత్తి పట్టుకున్నాను. పిడి పట్టుకున్నాననే అనుకున్నాను. అలాగే నిలబడి వాడి పనిలో తప్పులు వెతుకుతున్నాను. ఎంతసేపో తెలియదు.

వెనక నుంచి కస్తూరమ్మ కేక వేసింది. "అన్నా, నీ సంచిలకెళ్లి రక్తం కారుతున్నది గదనే!" అన్నది. నా కాళ్ల వైపు చూసుకున్నాను. అరుగంతా రక్తం. చెయ్యి బయటికి తీస్తే అరచెయ్యి అడ్డంగా తెరుచుకుని ఉంది. గుడ్డ ఎప్పుడు ఊడిందో, నేను పట్టుకున్నది అలుగు. అంత గట్టిగా పిడికిలి బిగించి నిలబడ్డాను, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూశాను. నొప్పి లేదు రహీమా. చీమ కుట్టినంత కూడా లేదు.

కస్తూరమ్మ కొంగు చింపి కట్టింది. లోపల శుభకార్యం జరుగుతున్నది, చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆమె మీద కోపం పెట్టుకోకు. తాండూరు వచ్చి కుట్లు వేయించుకున్నాను. డాక్టరు చిన్నవాడు. "తాతా, కండ్లు మూసుకో, సూదితోని జర గుచ్చుత, ఎక్కడ తెలిస్తే గక్కడ చెప్పు" అన్నాడు. కళ్లు మూసుకుని కూర్చున్నాను. కాసేపు చూసి "ఇంక మొదలువెట్టలేదా డాక్టర్‌సాబ్?" అని అడిగాను. రెండు చేతులూ అయిపోయాయన్నాడు. షుగరు వేళ్లను తినేసిందట. ఏడాది నుంచో, ఇంకా ముందు నుంచో. మాత్రలు ఎప్పుడు మానేశావని అడిగాడు. నీకు రాసినట్టు వాడికి అబద్ధం చెప్పలేకపోయాను. నిరుడే మానేశాను.

కత్తి వచ్చిన మొదటి రోజు నుంచీ పదునుగానే ఉంది. అబ్బా ఉస్తరా కూడా. మొగులప్ప చెవి తెగింది పదునుకు. ఆ పిడి మీద ఎరుపు నా వేళ్లదే. ఇదంతా రాస్తూ మొగులప్ప ఏడుస్తున్నాడు, గడ్డం తడిసింది, తుడుచుకోమని చెప్పాను.

నువ్వు నిజం రాసి ఉంటే నేను వినేవాణ్ణి కాదు. ఎలాగైనా వచ్చి కూర్చునేవాణ్ణి. ఎగిరిపడే ఆ మెత్తటి చోటు మీద బరువు వేసేవాణ్ణి. రాత్రంతా అదే కళ్లముందు ఆడింది. నీ అబద్ధానికి అల్లా నీకు మేలు చేయాలి. కుర్చీ రేపటి నుంచి ఎవరికైనా ఇస్తాను. దాని సంగతి ఇప్పుడు మాట్లాడకు, నా వల్ల కాదు.

పద్నాలుగో రోజుకు పిలిచావు కదా, వస్తాను. సంచి తేను. షెహబాజ్‌కు భయమైతే పక్కనే నిలబడమను. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంటాను. నువ్వే బాబును ఎత్తుకొచ్చి వాడి గుండు నా చెంపకు ఆనించు. చెంపకు ఇంకా తెలుస్తుంది.

నీ అన్న,
అజమత్